రుక్మిణీదేవి అరండేల్

రుక్మిణీదేవి అరండేల్ (ఫిబ్రవరి 29, 1904 - ఫిబ్రవరి 24, 1986) ప్రముఖ భరతనాట్య కళాకారిణి, నాట్యాచార్యురాలు, మద్రాసులోని కళాక్షేత్ర వ్యవస్థాపకురాలు. దేవదాసీల కుటుంబాలలోను, నట్టువనార్ల ఇళ్ళలోను వంశపారంపర్యంగా సాగుతూ వచ్చిన సదిర్ అనే నాట్యాన్ని ఒక క్రమబద్ధమైన పాఠ్యప్రణాళికగా రూపొందించి, అన్ని కుటుంబాల పిల్లలూ నేర్చుకోదగిన విద్యగా మార్చిన వారిలో ఈమె ముఖ్యురాలు. నర్తకులను మాత్రమే గాక నాట్యోపాధ్యాయులను తయారుచేయడం ఈమె స్థాపించిన సంస్థ ప్రత్యేకత. రాజ్యసభకు నామినేట్ అయిన తొలి మహిళ ఈమె. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టానికి మూలకారకురాలు. అయితే ఈమె చేసిన మార్పుల వలన ఆ కళను అంతవరకు కాపాడుకుంటూ వచ్చిన వారికి న్యాయం జరిగిందా అనే ప్రశ్న ఈమె జీవితకాలంలోనే తలెత్తింది, ఈనాటికీ చర్చలో ఉన్నది.

బాల్యం, కుటుంబ నేపథ్యం

రుక్మిణీదేవి తమిళనాడులోని మదురైలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు, సంస్కృత పండితుడు. తల్లి శేషమ్మాళ్‌కు సంగీతమంటే మిక్కిలి ప్రీతి. తండ్రి ఉద్యోగం బదిలీలతో కూడినది కావడం వలన ఆ కుటుంబం తరచు ఊళ్ళు మారుతూ ఉండేది. నీలకంఠశాస్త్రి దివ్యజ్ఞాన సమాజం సిద్ధాంతాల పట్ల ఆకర్షితులై, పదవీ విరమణ అనంతరం ఆ సమాజ ప్రధాన కార్యాలయమున్న మద్రాసు అడయారుకు సమీపంలో ఇల్లు కట్టుకొని స్థిరపడ్డారు. అక్కడే రుక్మిణికి సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్‌తో సన్నిహిత పరిచయం కలిగింది. రుక్మిణి సోదరుడు ఎన్. శ్రీరామ్ తరువాతి కాలంలో (1953 - 1973) ఆ సమాజానికి అధ్యక్షులయ్యారు.

దివ్యజ్ఞాన సమాజ వాతావరణంలో అన్ని మతాల గ్రంథాలు, అన్ని దేశాల కళలు చర్చకు వచ్చేవి. అక్కడ ప్రదర్శించిన రవీంద్రనాథ టాగోరు నాటకం మాలినిలో రుక్మిణి పాల్గొన్నారు. ఆమెకు రంగస్థలంతో తొలి పరిచయం అదే. అప్పటికి ఆమె నాట్యం నేర్చుకోలేదు. ఆమె పుట్టిన కుటుంబాలలో ఆడపిల్లలు సంగీతం నేర్చుకోవడం ఆమోదయోగ్యమే గాని, నాట్యం చేయడమనేది ఊహకు కూడా రాని విషయం.

వివాహం

అనిబిసెంట్‌కు సన్నిహితుడు, కాశీలోని సెంట్రల్ హిందూ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆంగ్లేయుడు జార్జి సిడ్నీ అరండేల్‌తో 1920లో రుక్మిణి వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. వరుడు ఆమెకంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్దవాడు. బ్రాహ్మణ కన్య ఒక విదేశీయుని వివాహమాడడం మద్రాసు సమాజంలో పెద్ద సంచలనం కలిగించింది. పత్రికలలో వాదోపవాదాలు జరిగాయి. బంధుమిత్రులలో పలువురు దూరమయ్యారు. కట్టుబాటును ఒకసారి దాటి, దాని పర్యవసానాన్ని అనుభవించిన ఈ సంఘటన ఆమెకు తరువాతి సాహసాలకు మనోధైర్యాన్ని ఇచ్చిందని చెప్పవచ్చు.

వివాహానంతరం ఆమె భర్తతో కలసి ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో విస్తృతంగా పర్యటించారు. 1923లో అఖిల భారత యువ దివ్యజ్ఞానుల సమాఖ్యకు, 1925లో ప్రపంచ యువ దివ్యజ్ఞానుల సమాఖ్యకు అధ్యక్షురాలయ్యారు. ఈ పర్యటనలలో సంగీత నాటక శాలలను, కళాప్రదర్శనశాలలను దర్శించడం, కవి జేమ్స్ కజిన్స్, విద్యావేత్త మరియా మాంటిస్సోరి వంటి వారితో పరిచయం పెంచుకోవడం జరిగింది. 1934లో జార్జి అరండేల్ దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షులై, 1945లో మరణించే వరకు ఆ పదవిలో కొనసాగారు.

అన్నా పావ్లోవాతో పరిచయం

1928లో సుప్రసిద్ధ రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా బొంబాయిలో ప్రదర్శనలిచ్చారు. అరండేల్ దంపతులు ఆ ప్రదర్శన చూశారు. తరువాత ఆస్ట్రేలియాకు వెళ్ళే ఓడలో పావ్లోవా బృందంతో కలసి ప్రయాణించే అవకాశం వచ్చింది. రుక్మిణీదేవి పావ్లోవా బృందంలోని ప్రధాన నర్తకీమణులలో ఒకరైన క్లియో నార్డి వద్ద బ్యాలే నేర్చుకోవడం ప్రారంభించారు. మన దేశపు సంప్రదాయ నృత్యాన్ని వెదకి నేర్చుకొమ్మని పావ్లోవా ఆమెకు సలహా ఇచ్చారు. ఒక భారతీయ మహిళ తన ఇంటికి కొద్ది దూరంలోనే ఉన్న కళను ఒక విదేశీ నర్తకి సూచనతో వెదకుకోవలసి రావడం ఆనాటి పరిస్థితికి నిదర్శనం.

బ్యాలే అభ్యాసం వృథా పోలేదు. శరీరరేఖలోని స్పష్టత, బృందంగా ఏకరీతిగా కదలడం, ప్రతిదినం తప్పని వ్యాయామం, దుస్తులు, దీపాలంకరణ, రంగాలంకరణలు నాట్యంలో భాగమేననే అవగాహన ఆమెకు అక్కడినుండే లభించాయి.

ఆనాటి నాట్య పరిస్థితి

ఆ కాలంలో ఈ నాట్యాన్ని సదిర్, దాసియాట్టం, చిన్నమేళం అనే పేర్లతో పిలిచేవారు. దేవాలయాలకు అంకితమైన దేవదాసీలు దీనిని అభ్యసించేవారు. నేర్పేవారు నట్టువనార్లు. తంజావూరు మహారాజు రెండవ శరభోజి ఆస్థానానికి చెందిన చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు సోదరులు 19వ శతాబ్ది పూర్వార్ధంలో నాట్యకచేరీకి ఒక క్రమాన్ని ఏర్పరచారు. వారి వంశీయులు, శిష్యులు దానిని కాపాడుతూ వచ్చారు.

రాజాస్థానాల పతనంతో దేవదాసీల పోషణ తగ్గిపోయింది. మరోవైపు బాలికలను ఆలయాలకు అంకితం చేసే ఆచారాన్ని రూపుమాపాలని ఉద్యమం సాగింది. 1927లో మద్రాసు శాసనమండలి సభ్యురాలైన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఇందుకు నాయకత్వం వహించారు. ఈ ప్రయత్నాల ఫలితంగా 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. సంస్కర్తలలో పలువురు ఆచారంతో పాటు నాట్యం కూడా పోవాలని భావించారు. న్యాయవాది, స్వాతంత్ర్యోద్యమకారుడు అయిన ఇ. కృష్ణయ్యర్ మాత్రం ఆచారం వేరు, కళ వేరు అని వాదిస్తూ, తానే స్త్రీ వేషం ధరించి సదిర్ ప్రదర్శనలు ఇచ్చారు. 1928లో ఏర్పడిన మద్రాసు సంగీత అకాడమీ వేదికపై దేవదాసీల నాట్యాన్ని ఏర్పాటు చేయడంలో కూడా ఆయన పాత్ర ఉన్నది. 1930లలో ఈ నాట్యానికి భరతనాట్యం అనే పేరు స్థిరపడింది.

1933లో సంగీత అకాడమీలో జరిగిన సదిర్ ప్రదర్శనను రుక్మిణీదేవి చూశారు. తాను వెదకుతున్న కళ అదేనని నిశ్చయించుకొని నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పైకి దగ్గరలో ఉన్నది. దేవదాసీల కుటుంబాలలో ఆరేడేళ్ళ వయస్సులో ఆరంభించే విద్య ఇది.

గురువులు, నాట్యాభ్యాసం

రుక్మిణీదేవి తొలి గురువు మైలాపూరు గౌరి అమ్మాళ్. మైలాపూరు కపాలీశ్వరాలయ దేవదాసీ సంప్రదాయానికి చెందిన ఆమె అభినయంలో దిట్ట. అటుపిమ్మట తంజావూరు సోదరుల వంశానికి చెందిన పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై (1869 - 1954) వద్ద ఆమె శిక్షణ పొందారు. కులవృత్తికి చెందని మహిళకు, అందులోను సమాజంలో పేరుప్రతిష్ఠలున్న వివాహితకు నాట్యం చెప్పడానికి ఆ వృద్ధ గురువు మొదట సందేహించినా, ఆమె పట్టుదల చూసి అంగీకరించారు.

1935 డిసెంబరులో దివ్యజ్ఞాన సమాజపు వజ్రోత్సవాల సందర్భంగా అడయారులో రుక్మిణీదేవి తొలి బహిరంగ ప్రదర్శన జరిగింది. నగరంలోని న్యాయమూర్తులు, విద్వాంసులు, విదేశీ ప్రతినిధులు హాజరయ్యారు. వ్యతిరేకించిన వారు కూడా లేకపోలేదు. ఈ ప్రదర్శన తరువాత ఉన్నత కుటుంబాలవారు తమ ఆడపిల్లలకు నాట్యం నేర్పించడానికి ముందుకు రావడం క్రమంగా మొదలయింది.

కళాక్షేత్ర స్థాపన

1936 జనవరిలో అడయారులోని దివ్యజ్ఞాన సమాజ ప్రాంగణంలో ఒక చెట్టు క్రింద, వేళ్ళపై లెక్కించదగిన విద్యార్థులతో ఈ సంస్థ ఆరంభమయింది. మొదట దీని పేరు అంతర్జాతీయ కళా అకాడమీ. కొద్దికాలానికే కళాక్షేత్ర అనే పేరు వచ్చింది. రుక్మిణీదేవి మేనకోడలు రాధ (తరువాతి కాలంలో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలైన రాధా బర్నియర్) తొలి విద్యార్థులలో ఒకరు.

మీనాక్షిసుందరం పిళ్ళై, ఆయన అల్లుడు చొక్కలింగం పిళ్ళై ఇక్కడ నాట్యం బోధించారు. గౌరి అమ్మాళ్ అభినయం నేర్పారు. సంగీతంలో టైగర్ వరదాచార్యులు, వీణలో కారైకుడి సాంబశివయ్యర్, వాగ్గేయకారులు పాపనాశం శివన్, మైసూరు వాసుదేవాచార్య వంటి ఉద్దండులను రుక్మిణీదేవి ఆహ్వానించారు. కథకళి కోసం కేరళ నుండి అంబు పణిక్కర్, చందు పణిక్కర్లను రప్పించారు. చొక్కలింగం పిళ్ళై 1940లలో సంస్థను విడిచి వెళ్ళినప్పుడు నాట్యవిభాగం సంకటంలో పడింది. అప్పుడు రుక్మిణీదేవి, ఆమె శిష్యురాళ్ళు స్వయంగా తాళాలు చేతబట్టి నట్టువాంగం నిర్వహించారు. అంతవరకు ఒకే సామాజిక వర్గానికి చెందిన పురుషుల చేతిలో ఉన్న నట్టువాంగం దీనితో నాట్యకారిణుల శిక్షణలో భాగమయింది.

నాట్యంతో పాటు 1937లో చేనేత కేంద్రం ఏర్పడింది. నాట్యానికి అవసరమైన పట్టుచీరెలను సంప్రదాయ రీతులలో అక్కడ నేయించారు. తమిళ పండితుడు యు.వి. స్వామినాథయ్యర్ సేకరించిన తాళపత్ర గ్రంథాలకు కూడా ఆయన మరణానంతరం కళాక్షేత్ర ఆశ్రయమిచ్చింది. 1939లో అరండేల్ దంపతుల ఆహ్వానంపై మరియా మాంటిస్సోరి అడయారుకు వచ్చి ఉపాధ్యాయ శిక్షణా తరగతులు నిర్వహించారు. ఉపాధ్యాయుని తయారుచేయడం ఒక ప్రత్యేక విద్య అనే భావన ఆ ప్రాంగణంలో నాట్యానికి కూడా వర్తించింది.

జార్జి అరండేల్ మరణానంతరం కళాక్షేత్ర దివ్యజ్ఞాన సమాజ ప్రాంగణాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. 1962లో తిరువాన్మియూరులో సముద్రతీరానికి సమీపాన సుమారు 100 ఎకరాల స్థలంలో సంస్థ స్థిరపడింది. ఇసుక నేలలో చెట్లు నాటించి, తక్కువ ఎత్తు గల పాఠశాలా కుటీరాలను కట్టించారు. మర్రిచెట్టు క్రింద ఉదయ ప్రార్థనతో దినచర్య ఆరంభమయ్యే ఆచారం ఇక్కడ కూడా కొనసాగింది.

బోధనా పద్ధతి, పరిభాష

గురుకులంలో విద్యార్థి గురువును చూసి అనుకరించి నేర్చుకొనేది. అడవులకు గురువు నోట పలికే చొల్లుకట్టే గుర్తు. రుక్మిణీదేవి ఈ అడవులను వర్గాలుగా విభజించి, సులభమైన వాటినుండి క్లిష్టమైన వాటి వరకు ఒక వరుసలో నేర్పే విధానాన్ని స్థిరపరచారు. నాలుగు సంవత్సరాల డిప్లొమా, ఆపైన ఉన్నత డిప్లొమా తరగతులు ఏర్పడ్డాయి. విద్యార్థులు నాట్యంతో పాటు గాత్రం, శాస్త్రం, భాష, నట్టువాంగం నేర్వవలసి ఉండేది. ఈ పద్ధతిలో వాడుకలో ఉన్న ముఖ్య పదాలు ఇవి:

* నృత్తం, నృత్యం, నాట్యం: భావంతో నిమిత్తం లేని లయబద్ధమైన అంగవిన్యాసం నృత్తం. భావాన్ని, సాహిత్యాన్ని ప్రకటించేది నృత్యం. పాత్రలతో కూడిన కథాప్రదర్శన నాట్యం.
* సమపాదం: పాదాలు కలిపి నిటారుగా నిలుచుట.
* అరమండి: మడమలు దగ్గరగా, పాదాలు ఇరుప్రక్కలకు తిప్పి, మోకాళ్ళను ప్రక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ. నడుము నిటారుగా ఉండవలెను. తమిళంలో అరైమండి అందురు. అడవులలో అధికభాగానికి ఇదే ఆధారం.
* ముళుమండి: మడమలెత్తి, మునివేళ్ళపై పూర్తిగా కూర్చున్న భంగిమ.
* అడవు: నిలుపు, పాదఘాతం, నృత్తహస్తం, అంగచలనం కలసిన నృత్తపు మూలప్రమాణం. భాషకు అక్షరాలవలె నృత్తానికి అడవులు.
* తట్టడవు: పాదాన్ని చదునుగా నేలపై కొట్టే అడవు. తట్టు అనే మాటకు తెలుగులో కూడా అదే అర్థం. విద్యార్థి మొదట నేర్చేది ఇదే.
* నాట్టడవు: కాలు చాచి మడమను నేలపై నాటే అడవు.
* కుదిత్తుమెట్టడవు: మునివేళ్ళపైకి ఎగిరి, ఆపైన మడమలను నేలపై దించే అడవు.
* సరుక్కల్ అడవు: పాదాన్ని జారుస్తూ చేసే అడవు.
* తీర్మానం: ఒక జతికి ముక్తాయింపుగా వచ్చే అడవుల వరుస.
* చొల్లుకట్టు: అడవులకు అనుగుణంగా నోటితో పలికే తై, తా, తత్ మొదలైన శబ్దాల కూర్పు. గురువు తట్టుకళి అనే కర్రతో చెక్కపై కొడుతూ దీనిని పలుకుతారు.
* కాలం: ప్రతి అడవును మూడు వేగాలలో అభ్యసించవలెను. రెండవ కాలం మొదటిదానికి రెట్టింపు, మూడవది రెండవదానికి రెట్టింపు.
* జాతులు: తిస్రం (3), చతురస్రం (4), ఖండం (5), మిశ్రం (7), సంకీర్ణం (9).
* హస్తాలు: నందికేశ్వరుని అభినయదర్పణం ఒంటిచేతితో పట్టే అసంయుత హస్తాలను 28గా చెప్పినది. రెండు చేతులతో పట్టేవి సంయుత హస్తాలు. ఈ గ్రంథమే శిరోభేదాలు 9, దృష్టిభేదాలు 8, గ్రీవాభేదాలు 4 అని పేర్కొన్నది.
* అభినయం: ఆంగికం (అవయవాలతో), వాచికం (మాటతో), ఆహార్యం (వేషభూషలతో), సాత్త్వికం (మనోభావంతో) అని నాలుగు విధాలు.

అడవుల పేర్లు నట్టువనార్ల నోట వెలసిన తమిళ వాడుక మాటలు కాగా, హస్తాల పేర్లు సంస్కృత లక్షణ గ్రంథాలలోనివి. ఇంటి విద్యను, గ్రంథ విద్యను ఒకే తరగతి గదిలోకి తీసుకురావడం కళాక్షేత్ర పద్ధతిలోని ముఖ్య లక్షణం. అంగశుద్ధి, నిటారైన రేఖలు, బృందంలో ఏకరూపత ఈ బాణీకి గుర్తులుగా పేర్కొంటారు. ఇక్కడ చదివినవారు వేరొక ఊరిలో పాఠశాల తెరిచినా అదే వరుసలో, అదే పేర్లతో పాఠం చెప్పగలగడం వలన ఈ బాణీ దేశవిదేశాలకు త్వరగా వ్యాపించినది.

రంగస్థలంలో మార్పులు

పూర్వం వాద్యగాళ్ళు నర్తకి వెనుక నిలిచి, ఆమెతో పాటు ముందుకు వెనుకకు నడిచేవారు. రుక్మిణీదేవి వారిని వేదిక ప్రక్కన కూర్చుండబెట్టారు. ఆలయ శిల్పాలను పరిశీలించి కొత్త దుస్తులను, ఆభరణాలను రూపొందించారు. వేదికపై నటరాజ విగ్రహాన్ని ఉంచే అలవాటును ప్రచారంలోకి తెచ్చారు. దీపాలంకరణలో అలెక్స్ ఎల్‌మోర్, కాన్రాడ్ వోల్డ్రింగ్ అనే విదేశీ మిత్రులు సహకరించారు. ఈనాడు భరతనాట్యమనగానే కనులముందు మెదలే వేదికారూపంలో చాలా భాగం ఈ విధంగా 1930ల తరువాత ఏర్పడినదే.

నృత్యనాటకాలు

ఏకపాత్ర కచేరీకే పరిమితమైన నాట్యాన్ని రుక్మిణీదేవి బృంద నృత్యనాటకాలకు విస్తరింపజేశారు. 1944లో తిరికూడ రాజప్ప కవిరాయర్ తమిళ రచన కుట్రాల కురవంజిని, 1947లో కాళిదాసు కుమారసంభవాన్ని ప్రదర్శించారు. గీతగోవిందం, ఆండాళ్ చరిత్రం, టాగోరు శ్యామ, మీనాక్షీ విజయం మొదలైనవి అటుపిమ్మట వచ్చాయి.

వీటన్నిటిలోకి ప్రసిద్ధమైనది వాల్మీకి రామాయణం ఆధారంగా రూపొందించిన ఆరు భాగాల మాలిక. ఇది సీతాస్వయంవరం (1955)తో మొదలై, శ్రీరామ వనగమనం, పాదుకా పట్టాభిషేకం, శబరీ మోక్షం, చూడామణి ప్రదానం మీదుగా మహాపట్టాభిషేకం (1970)తో ముగిసినది. మొదటి భాగాలకు మైసూరు వాసుదేవాచార్య తన తొంభయ్యవ పడికి చేరువలో సంగీతం సమకూర్చారు. 1961లో ఆయన మరణించిన తరువాత మనుమడు ఎస్. రాజారాం ఆ పనిని పూర్తిచేశారు. పురుష పాత్రలకు కథకళి శిక్షణ ఉపయోగపడింది. 1980లలో కేరళ కూత్తంబలం నమూనాలో నిర్మించిన నాట్యశాల కళాక్షేత్రకు సమకూడినది.

తెలుగువారితో సంబంధం

భరతనాట్య కచేరీలోని సాహిత్యంలో తెలుగు భాగం చాలా ఎక్కువ. శబ్దాలు, వర్ణాలు, జావళీలు పెక్కు తెలుగులో ఉన్నవి. పదాలలో అగ్రస్థానం కృష్ణా జిల్లా మొవ్వకు చెందిన క్షేత్రయ్యది. తంజావూరు సోదరులు కూడా తెలుగులో రచనలు చేశారు. కనుక కళాక్షేత్ర విద్యార్థులకు తెలుగు సాహిత్యంతో పరిచయం తప్పనిసరి అయింది. అభినయదర్పణాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలసి ఆంగ్లంలోకి అనువదించినది ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అనే విషయం కూడా ఇక్కడ గమనించదగినది.

తంజావూరు జిల్లా మెలట్టూరులో తరతరాలుగా సాగుతున్న భాగవతమేళ నాటకాలు తెలుగు రచనలే. మెలట్టూరు వేంకటరామశాస్త్రి వ్రాసిన ఈ నాటకాలను పురుషులే అన్ని పాత్రలు ధరించి ఆడేవారు. అక్కడి భాగవతుల సహకారంతో రుక్మిణీదేవి 1959లో ఉషాపరిణయాన్ని, తరువాత రుక్మాంగద చరిత్రం, ధ్రువ చరిత్రం నాటకాలను కళాక్షేత్ర వేదికపైకి తెచ్చారు.

ఈమె సంస్థలో నేర్చిన తెలుగు ప్రాంతపు వారిలో కుప్పంలో జన్మించిన అడయారు కె. లక్ష్మణ్ (1933 - 2014), మదనపల్లెలో జన్మించిన యామినీ కృష్ణమూర్తి (1940 - 2024) ప్రసిద్ధులు. లక్ష్మణ్ గురువుగా, నట్టువనార్‌గా పేరుపొందగా, యామిని భరతనాట్యంతో పాటు కూచిపూడికి కూడా దేశవ్యాప్త ప్రచారం కల్పించారు.

విమర్శలు, వివాదాలు

నాట్యంలో శృంగారం పాలు ఎక్కువైనదని, దానిని భక్తిపరంగా సంస్కరించవలసి ఉన్నదని రుక్మిణీదేవి అభిప్రాయపడ్డారు. ఆ కారణంగా కొన్ని పదాలను, జావళీలను, సంభోగాన్ని సూచించే హస్తాలను ఆమె విడిచిపెట్టారు. దేవదాసీ కుటుంబానికి చెందిన మహానర్తకి తంజావూరు బాలసరస్వతి (1918 - 1984) దీనితో ఏకీభవించలేదు. శృంగారమే ఈ నాట్యానికి ప్రాణమని, అందులోనే భక్తి ఇమిడి ఉన్నదని, మలినం లేని దానిని శుద్ధి చేయవలసిన పని లేదని ఆమె వాదన. దుస్తులు, రంగాలంకరణల ఆడంబరాన్ని కూడా ఆమె నిరసించారు. 1953లో సంగీత అకాడమీ ఆధ్వర్యంలో బాలసరస్వతి తన పద్ధతిలో వేరుగా పాఠశాల నడిపారు. ఈ ఇరువురూ మైలాపూరు గౌరి అమ్మాళ్ శిష్యురాళ్ళే కావడం విశేషం.

రెండవ విమర్శ సామాజికమైనది. నాట్యానికి గౌరవం లభించిన కొద్దీ, దానిని తరతరాలుగా మోసిన స్త్రీలు వేదికకు దూరమయ్యారు. చట్టం ఆలయ సేవను రద్దుచేసింది గాని, వారి కళకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపలేదు. గౌరి అమ్మాళ్ అంతటి విదుషీమణి కూడా వృద్ధాప్యంలో పేదరికం అనుభవించి 1971లో మరణించారు. కోస్తా ఆంధ్రలోని కలావంతుల కుటుంబాలకు కూడా ఇదే పరిస్థితి ఎదురయింది.

రుక్మిణీదేవి సమర్థకులు చెప్పేది వేరు. 1930లలో ఈ కళ అంతరించిపోయే దశలో ఉన్నదని, ఆమె వంటి వారు పూనుకోకపోతే ఇప్పటికి మిగిలేది కాదని, దేవదాసీ గురువులను, నట్టువనార్లను ఆమె గౌరవించి తన సంస్థలో నియమించారని వారు గుర్తుచేస్తారు. ఈ రెండు వాదాలలోను సత్యమున్నది. పాఠశాలలోకి వచ్చిన కళ అందరికీ అందుబాటులోకి వచ్చినది. అదే సమయంలో పాఠ్యక్రమంలో చేరని పదాలు, ఇంటింటికీ మారే బాణీలు, అప్పటికప్పుడు అల్లే మనోధర్మ అభినయం చాలావరకు వెనుకబడినవి. నాట్యచరిత్ర బోధించేవారు ఈ రెండు విషయాలనూ విద్యార్థుల ముందుంచడం అవసరం.

రాజ్యసభ, జీవకారుణ్య సేవ

1952 ఏప్రిల్‌లో రుక్మిణీదేవి రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1956లో మరల నామినేట్ అయి 1962 వరకు కొనసాగారు. శాకాహారి, జంతుప్రేమికురాలు అయిన ఆమె జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించాలని కోరుతూ రాజ్యసభలో అనధికార బిల్లును ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ హామీ ఇవ్వడంతో దానిని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960లో చట్టరూపం దాల్చింది. ఆ చట్టం క్రింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి రుక్మిణీదేవి తొలి అధ్యక్షురాలు.

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి ఆమెను రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలబెట్టాలని భావించారు. ఆమె ఆ ప్రతిపాదనను సున్నితంగా తిరస్కరించి కళాక్షేత్రలోనే ఉండిపోయారు. ఆ ఎన్నికలో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

పురస్కారాలు, గౌరవాలు

* 1956 - పద్మభూషణ్
* 1957 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
* 1967 - సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్
* 1984 - మధ్యప్రదేశ్ ప్రభుత్వపు కాళిదాస్ సమ్మాన్
* 1987 - మరణానంతరం తపాలా శాఖ స్మారక తపాలాబిళ్ళ విడుదల

చివరి రోజులు, వారసత్వం

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో మరణించారు. ఆమె నాలుగేళ్ళకొకసారి వచ్చే ఫిబ్రవరి 29న జన్మించినందున అసలు తేదీన జన్మదినం జరుపుకొనే అవకాశం జీవితంలో కొన్ని పర్యాయాలే లభించింది. సంతానం లేని ఆమెకు కళాక్షేత్ర విద్యార్థులే సంతానం.

ఆమె తరువాత సంస్థ భవిష్యత్తుపై ఆందోళన కలిగింది. 1993లో పార్లమెంటు కళాక్షేత్ర ఫౌండేషన్ చట్టాన్ని ఆమోదించి, దానిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా గుర్తించింది. ఒక వ్యక్తి పట్టుదలపై నిలిచిన పాఠశాల ఆ విధంగా దేశపు ఆస్తిగా మారినది.

సి.వి. చంద్రశేఖర్, వి.పి. ధనంజయన్, శారదా హాఫ్‌మన్, కృష్ణవేణి లక్ష్మణన్, లీలా శాంసన్ మొదలైన వారు ఈ సంస్థలో తయారైన నర్తకులు, గురువులు. ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహి (1944 - 1997) కూడా బాల్యంలో ఇక్కడ శిక్షణ పొందారు. అరమండిలో కూర్చుని తట్టడవుతో నాట్యవిద్య ఆరంభించే బాలబాలికలు ఈనాడు దేశవిదేశాలలో అసంఖ్యాకంగా ఉన్నారు. వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులలో అనేకుల గురుపరంపర రుక్మిణీదేవి ద్వారా పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళైకి, మైలాపూరు గౌరి అమ్మాళ్‌కు చేరుతుంది.